ఆరో పోగు

ఆటో నడిపేవాడికి బండి కంటే గొంతు ముఖ్యం. కేసముద్రం స్టేషన్ బయట నిలబడి “గూడూరు, గూడూరు, గూడూరు” అని ఊపిరి తీయకుండా అరిస్తేనే రైలు దిగిన ముసలమ్మ అయినా, మార్కెట్ యార్డులో మిర్చి అమ్ముకొని వచ్చిన రైతు అయినా మన వైపు తల తిప్పుతారు. నా గొంతు బీడీలకు బలైపోయి చాలా కాలమైంది. అందుకే సెలవు రోజుల్లో ప్రియ నా పక్కన సీటు అంచున కూర్చొని నా బదులు అరిచేది. ఆ పిల్ల కేకకు ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లు కూడా తిరిగి చూసేవాళ్లు. “సోమన్నా, గిది అన్యాయం. నువ్వు మైకు పెట్టుకొని తిరుగుతున్నవ్” అని పక్క ఆటోవాళ్లు నా మీద ఏడ్చేవాళ్లు.

ప్రియ మా హీరాలాల్ బిడ్డ. ఒక్కతే బిడ్డ. గూడూరు దగ్గర తండా వాళ్లది. అతను పత్తి, మిర్చి వేస్తాడు. ఆ పంట నా ఆటోలోనే మార్కెట్‌కు వస్తుంది, వచ్చిన పైసలతో పాటు అతన్ని కూడా నేనే ఇంటికి చేర్చాలి, లేకపోతే దారిలో చుట్టాలు ఎక్కువవుతారు. నన్ను అన్నా అంటాడు, నేను హీరా అంటాను. ప్రియకు నేను పెద్దబాపును. నాకు పిల్లలు లేరు కాబట్టి ఆ పిలుపు నాకు ఎంత తీపో చెప్పే పని లేదు.

తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఏడు ఆ పిల్ల చేతిరాత పాడైంది. పంతులు నిర్లక్ష్యం అన్నాడు. తర్వాత మంచినీళ్ల గ్లాసు చేతిలో నిలవలేదు. ఒంటిమీద ఒలకబోసుకుంటే వాళ్లమ్మ కమ్లి, సెల్‌ఫోన్ చూసి చూసి నరాలు గుంజినయ్ అని తిట్టింది. ఆ తర్వాత మాట ముద్దగా రావడం మొదలైంది. ఒక ఆదివారం స్టేషన్ దగ్గర “గూడూరు” అని అరవబోతే మాట నోట్లోనే చుట్టుకుపోయింది. ఆటో ఎక్కబోతున్న ఒకాయన “ఏం పిల్లా, నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా?” అని నవ్వాడు. మంచివాడే, కావాలని అన్న మాట కాదు. ప్రియ మాత్రం దిగి వెనక సీట్లోకి పోయి కూర్చుంది. మళ్లీ ముందు సీటుకు రాలేదు.

మహబూబాబాద్ పెద్ద దవాఖానలో డాక్టర్ కమలాదేవి ప్రియ కళ్లలోకి లైటు వేసి చూసి, మమ్మల్ని కూడా పిలిచి చూపించింది. నల్లగుడ్డు చుట్టూ అంచు కట్టినట్టు సన్నగా గోధుమరంగు వలయం ఉంది. మనం తినే తిండిలో పిసరంత రాగి ఉంటుందట. అందరికీ అది ఎప్పటికప్పుడు బయటికి పోతుందట, కొందరికి మాత్రం పోకుండా కాలేయంలో, మెదడులో పేరుకుంటుందట. తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి, రెండు వైపులా ఉంటేనే బిడ్డకు దిగే జబ్బు అంది. హైదరాబాద్ పంపి పరీక్షలు చేయించి అదేనని తేల్చారు. ఇక్కడ దొరికే మాత్రలు మొదలుపెడితే ప్రియకు పడలేదు. ఒళ్లంతా దద్దుర్లు లేచి, ముఖం ఉబ్బి, ప్రాణం మీదికి వచ్చింది. ఇంకో మందు ఉంది, అది పడుతుంది, కానీ బయటి దేశం నుంచి రావాలి అంది డాక్టరమ్మ.

“ఎంతయితదో చెప్పున్రి మేడం, చేను అమ్ముత,” అన్నాడు హీరా.

“నువ్వు చేను అమ్మినా ఒక్కరి కోసం వాళ్లు పంపరు హీరాలాల్. గందుకే సర్కారోళ్లు అందరు కలిసి కొంటున్నరు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల దవాఖానలు కలిసి ఒక్క జట్టు. మన జట్టుతోని ఇంకో రెండు రాష్ట్రాలు, సముద్రం అవతల ఒక చిన్న దేశం గూడ కలుస్తున్నయ్. అందరు ఒక్కతాన అడిగితే కంపెనీవాడు ధర దించుతడు, సరుకు పంపుతడు. కానీ ఒక్కో జట్టుల ఇక్కడి మాత్రలు పడనోళ్లు తక్కువల తక్కువ ఆరుగురన్న ఉండాలె. ప్రియతోని కలిపి మనకు ఐదుగురే ఉన్నరు.”

హీరా ముఖం వెలిగింది. “సమజైంది మేడం. పోగులు! గిది పోగుల కథ!”

డాక్టరమ్మకు ఆ మాట నేను విడమర్చి చెప్పాల్సి వచ్చింది. కలిసి కొనడం మాకేం కొత్త కాదు. పండుగొస్తే కొన్ని ఇళ్లవాళ్లం కలిసి ఒక మేకను తెచ్చుకుంటాం. కోసి, మోదుగాకుల మీద సమానంగా పోగులు పెట్టి, ఇంటికొకటి ఎత్తుకుపోతాం. మేకకు ఆరు పోగులు అనుకున్నప్పుడు ఐదిళ్లే ముందుకొస్తే మేకను కోయరు. ఆ ఆరో ఇల్లు దొరికేదాకా మేక గుంజకు కట్టేసి ఆకులు మేస్తూ ఉంటుంది, మనం దాని వైపు చూస్తూ ఉంటాం. డాక్టరమ్మ విని కాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, ఈ నెలాఖరులోపు ఆరో పేరు రాకపోతే ఈసారి కొనుగోలులో మన జట్టు ఉండదు అని చెప్పింది. అప్పటికి ప్రియ మెదడు ఎంత పాడవుతుందో తను చెప్పలేను అంది. ముందు మాట పూర్తిగా పోతుంది, తర్వాత మింగడం కష్టమవుతుంది అంది.

నాకు ఒళ్లు మండింది. మా ఉమ్మడి వరంగల్ జిల్లాను ముక్కలు చేసిన రోజు మేమే పటాకులు కాల్చాం, ఇంటి ముందుకు జిల్లా వచ్చిందని. జనగామ వేరు, మహబూబాబాద్ వేరు, భూపాలపల్లి వేరు. ఇప్పుడు మందు కోసం మళ్లీ కలవాలట. విడగొట్టినప్పుడు రోగులను కూడా పంచిపెట్టారేమో, జిల్లాకు ఒకరిద్దరు చొప్పున వచ్చారు. ఇంకొకరిని కలపడం మాత్రం ఎవరి వల్లా కాలేదు.

హీరా ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. “అన్నా, రాగి జబ్బు గదా. రాగి పని చేసేటోళ్లల్లనే ఎక్కువ ఉంటది. పెంబర్తికి పోదాం.”

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు అది నాకు గొప్ప శాస్త్రంలా తోచింది. జనగామ పక్కన పెంబర్తిలో రాగి, ఇత్తడి రేకుల మీద బొమ్మలు చెక్కే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తరతరాలుగా రాగి మధ్య బతికే ఊళ్లో ఒక్కడికైనా ఈ జబ్బు ఉండదా అనుకున్నాం. డాక్టరమ్మను ఒక మాట అడగాలన్న బుద్ధి ఇద్దరిలో ఒక్కడికీ పుట్టలేదు. ఆశ పుట్టినప్పుడు బుద్ధి పక్కకు తప్పుకుంటుంది. పాసింజర్ ఎక్కి, కాజీపేటలో మారి, జనగామలో దిగి పెంబర్తి చేరాం.

అక్కడ ఒక ఇంటి వరండాలో వీరయ్య అనే ముసలాయన ఇత్తడి రేకు మీద సుత్తితో కొడుతున్నాడు. మమ్మల్ని చూసి, ఏదో దేవుడి తొడుగు చేయించుకోవడానికి వచ్చామనుకొని కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. ఆయన టీ గ్లాసు ఎత్తుకుంటే చేయి వణికింది. హీరా నా మోకాలు గిచ్చాడు. వాడి ముఖంలో అంత సంతోషం నేను ఏ పంట అమ్మినప్పుడూ చూడలేదు. లేచిపోయి ముసలాయన ముందు గొంతుక్కూర్చొని కళ్లలోకి తేరిపార చూడడం మొదలుపెట్టాడు.

“ఏందిరా గట్ల సూస్తున్నవ్? నా కండ్లల్ల ఏమున్నది?”

“రాగి ఉన్నదేమోనని సూస్తున్న తాతా.”

వీరయ్య సుత్తి పక్కన పెట్టాడు. సంగతి చెప్పమన్నాడు. చెప్పాం. ముందు పగలబడి నవ్వాడు. “మా తాత రాగిల్నే పుట్టిండు, రాగిల్నే సచ్చిండు. గది ఒంట్లెకు ఎక్కేదుంటే గీ ఊళ్లె ఒక్కడన్న మిగులునా? గీ వణుకుడు ముసలితనంది. సుత్తె పడితే గది గూడ ఉండది, సూడు.” నిజమే. సుత్తి పట్టుకోగానే ఆ చేయి గోడకు కొట్టిన మేకులా నిలబడింది. నవ్వు తగ్గాక ఆయన హీరా వైపు తిరిగాడు. “అంటే, నీ బిడ్డ బతకాలంటే ఇంకోలింట్ల బిడ్డకు రోగం ఉండాలె. గంతేనా?”

“ఉండాలని కాదు తాతా,” అన్నాడు హీరా. “ఉన్నోళ్లు దొరకాలని.”

ముసలాయన మళ్లీ సుత్తి అందుకున్నాడు. మేం వెళ్లేటప్పుడు హీరా చేతిలో చిన్న ఇత్తడి గజ్జె పెట్టి, పిల్లకు ఇయ్యమన్నాడు. తిరుగు రైలులో హీరా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఏడుస్తున్నాడని నాకు తెలుసు. ఏం చెప్పాలో తెలియక పల్లీలు కొన్నాను. ఇద్దరం తినలేదు.

మేము తండాకు చేరేసరికి కమ్లి పత్తి కట్టెలు విరుస్తూ ఉంది. పెంబర్తి కథ అంతా విని, కట్టెలు అక్కడ పడేసింది. “సంకల పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టు తిరుగుతున్నరు ఇద్దరు,” అంది. “నా అన్న కొడుకు యాదికి రాలేదా? లేకుంటే సిగ్గయితుందా?”

హీరా తల దించుకున్నాడు. ఆ తల ఎందుకు దిగిందో అప్పుడు నాకు తెలిసింది. కమ్లి అన్న శివాజీ భూపాలపల్లి దగ్గర ఒక తండాలో ఉంటాడు, బొగ్గు టిప్పర్ నడుపుతాడు. అతనికి ప్రశాంత్ అని ఒక కొడుకు, రజిత అని ఒక చిన్న బిడ్డ. మేనరికం కాబట్టి ప్రియ చిన్నప్పటి నుంచే ప్రశాంత్‌కు అనుకున్న పిల్ల. ఏదో పెళ్లిలో భోజనాల దగ్గర శివాజీ నవ్వుతూ “మా ఇంటి కోడలు ఎట్లున్నది?” అని అడిగాడట. అప్పటికే ప్రశాంత్ చేతులు వణికేవి. హీరా అందరి ముందు “చెయ్యి నిలువనోనికి బిడ్డనిస్తనా?” అన్నాడట. శివాజీ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అప్పటి నుంచి రాకపోకలు లేవు. కమ్లి పుట్టింటి గడప తొక్కలేదు. ఆ తర్వాత ఏడాది తిరగకుండా ప్రియ చేతిలో గ్లాసు ఒలకడం మొదలైంది.

“నీ నోటితోనే అడుగుదువు గని నడువు,” అంది కమ్లి. “నేను గూడ వస్త.”

మరునాడు నా ఆటోలోనే బయలుదేరాం. నర్సంపేట మీదుగా, గణపురం మీదుగా, గుంతలు లెక్కపెట్టుకుంటూ పోయాం. హీరా దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. అటు కమ్లి కూడా అంతే. ఆటోలో అంత నిశ్శబ్దం నేను భరించలేను, అందుకని రోడ్డు వేసిన కాంట్రాక్టర్‌ను భూపాలపల్లి దాకా తిట్టాను.

శివాజీ ఇంటి ముందు రేకుల పందిరి కింద మంచం మీద ప్రశాంత్ పడుకొని ఉన్నాడు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఎండిన జొన్న కట్టెలా ఉన్నాడు, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనంలో కూడా వలయం కనబడుతూనే ఉంది. వాడి చెల్లెలు రజిత ఎగురుకుంటూ పోయి మాకు నిండు చెంబుతో నీళ్లు తెచ్చింది. చుక్క ఒలకలేదు. హీరా ఆ చేతి వైపే చూశాడు. ఈమధ్య వాడు మనిషిని చూసే ముందు చేయి చూస్తున్నాడు, నాకు కూడా ఆ రోగమే అంటుకుంది.

వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. ఏళ్ల తరబడి తండాల మనుషులను మోస్తున్నవాడిని కాబట్టి నాకు సగం అర్థమవుతుంది. హీరా మొదట కాళ్లు పట్టుకున్నాడు. శివాజీ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు గానీ కోపంతో కాదు, అలవాటు లేక. వాళ్ల పిల్లవాడికి కూడా వరంగల్‌లో ఆ మాత్రలే వేశారట, రక్తం కక్కుకున్నాడట, ఆపేశారట. ఆ తర్వాత ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదట. పిల్లవాణ్ని ఆటోలో పడుకోబెట్టి భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు చూసి, మా కమలాదేవి మేడంతో ఫోన్లో మాట్లాడాడు. తర్వాత ఫోను హీరాకు ఇచ్చాడు. హీరా విన్నాడు. ఫోను నా చేతిలో పెట్టాడు.

“సోమనర్సయ్యా, ఆ పిల్లగానికి కాలేయం పూర్తిగ పోయింది,” అంది డాక్టరమ్మ. “మందు వచ్చినా ఆయనకు పని చేయదు. కానీ ఇక్కడి మాత్ర పడలేదు కాబట్టి లెక్కల రాయొచ్చు. ఆయనతోని మనకు ఆరుగురైతరు. ఇంకోటి, ఆ ఇంట్ల తోడబుట్టినోళ్లు ఉంటె వాళ్లకు గూడ పరీక్ష చేయించాలె, మర్చిపోకున్రి.”

ఇదెవరు చెప్పాలి శివాజీకి? హీరా నన్ను చూశాడు. నేను ఆటో టైరు చూశాను. మగవాళ్లం ఇద్దరం అక్కరకు రాకుండా పోయాం. చివరికి కమ్లియే అన్న పక్కన కూర్చొని, చేయి పట్టుకొని, ఆరు పోగుల లెక్కతో సహా ఏదీ దాచకుండా చెప్పింది. మందు నీ కొడుకుకు పని చేయదు, నీ కొడుకు పేరు నా బిడ్డకు పని చేస్తది.

శివాజీ దవాఖాన వరండాలో మంచం వైపు చూశాడు. ప్రశాంత్ నిద్రపోతున్నాడు. నా వైపు తిరిగి, నాకు అర్థం కావాలనేమో, తెలుగులోనే అన్నాడు. “ఇంట్ల తినేటోడు లేకున్నా ఒక్కోపారి పోగు ఎత్తుకుంటం అన్నా. మందిది ఆగొద్దని. రాయుమను.”

రజితకు పరీక్ష సంగతి కూడా చెప్పాను. “గది కోతిపిల్ల, దానికేం రోగం,” అన్నాడు. ఆ రోజు అంతకంటే గట్టిగా చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆరో పేరు రాయించి తిరిగి వస్తుంటే నర్సంపేట దగ్గర హీరా ఒక్కసారి “అయింది గదా అన్నా, అయింది గదా?” అని నా భుజం పట్టుకొని ఊపాడు. బండి రోడ్డు దిగబోయింది. నాకు కూడా సంతోషంగానే ఉంది. ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కమ్లి వెనక సీట్లో కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది.

మందు వస్తుందని ఎదురు చూశాం. పత్తి పూత వచ్చింది, కాయ వచ్చింది, మందు రాలేదు. హీరాతో పాటు నేను కూడా దవాఖాన చుట్టూ తిరిగాను. డాక్టరమ్మ మమ్మల్ని చూడగానే ముఖం తిప్పుకునే రోజు వచ్చింది. కోపంతో కాదు, చెప్పడానికి ఏమీ లేక. ఒక రోజు కూర్చోబెట్టి చెప్పింది. సముద్రం అవతలి దేశం వెనక్కి తగ్గిందట. అక్కడ సర్కారు మారిందట, కొత్తవాళ్లకు ఈ బేరం నచ్చలేదట. ఒక్కరు తగ్గేసరికి కంపెనీవాడు పాత ధరకు ఇవ్వనన్నాడట. ధర మారింది కాబట్టి ఇక్కడి రాష్ట్రాలు కూడా ఆగిపోయాయట. మళ్లీ మొదటి నుంచి అందరి పేర్లు తీసుకొని, మళ్లీ అడగాలట.

“మేము ఏం తప్పు చేసినం మేడం?” అన్నాడు హీరా.

“నువ్వేం తప్పు చేయలే హీరాలాల్. నేను చేయలే. అడిగితే పైనోళ్లు గూడ గదే అంటున్నరు, మా తప్పు లేదని.”

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. తిట్టడానికి ఒక మనిషి దొరికితే నాకు సగం బరువు దిగేది. ఊళ్లో సర్పంచ్‌ను తిట్టొచ్చు, మార్కెట్లో సేటును తిట్టొచ్చు. చూడని దేశాన్ని ఎట్లా తిట్టాలి? దాని పేరు డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది, నా నోరు తిరగలేదు. తిడదామంటే ఇంకో ఆలోచన అడ్డం వచ్చింది. అక్కడ కూడా ఒక హీరా ఉండి ఉంటాడు. అతనికీ ఒక బిడ్డ ఉండి ఉంటుంది. వాళ్ల ఆరో మనిషి కోసం వాళ్లు ఎన్ని ఊళ్లు తిరిగారో, సర్కారు మారిందని వాళ్లకు ఎవరు చెప్పారో. నా తిట్టు పోయి వాళ్ల మీద పడుతుంది.

పత్తి ఏరుతున్న రోజుల్లో ప్రశాంత్ చనిపోయాడు. మళ్లీ అదే దారిలో పోయాం. పెళ్లి కాని పిల్లవాడు కాబట్టి కాల్చలేదు, తండా వెనక చెలకలో పూడ్చారు. శివాజీ మట్టి వేసి, చేతులు దులుపుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. రజిత అందరి కాళ్ల మధ్య నుంచి తొంగి చూస్తూ ఉంది. అప్పుడు హీరా నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

“అన్నా, మల్ల ఐదుగురమే అయినం.”

వాడి చెంప పగలగొడదామనిపించింది. మట్టి ఇంకా తడిగా ఉంది. పిల్లవాడి తల్లి గొంతు పోయేలా ఏడుస్తోంది. నా చేయి లేవలేదు. ఎందుకంటే గుంత పూడుస్తున్నంత సేపూ నేను కూడా అదే లెక్క వేస్తున్నాను. మనసును అటు పోవద్దంటే వింటుందా? ఒక చెరువు ఎండితే పక్క చెరువు వైపు నడిచే పశువులా అది దాని దారిన పోయింది. వచ్చేముందు శివాజీ పక్కకు పోయి, డాక్టరమ్మ చెప్పిన మాట మళ్లీ చెప్పాను. “రజితకు పరీక్ష చేయించు తమ్మీ, నా మాట విను.” ఆ మాట నేను రజిత కోసమే చెప్పానా అంటే, మైసమ్మ మీద ఒట్టు వేసి చెప్పలేను.

ఆ చలికాలంలో ప్రియ మాట పూర్తిగా ముద్దయిపోయింది. కమ్లికి తప్ప ఎవరికీ అర్థం కాదు. బడి మానేసింది. ఇంట్లో కూర్చుంటే గోడలు చూస్తుందని, మధ్యాహ్నాలు నా ఆటోలో తెచ్చి స్టేషన్ దగ్గర వెనక సీట్లో కూర్చోబెట్టేవాణ్ని. పెంబర్తి ముసలాయన ఇచ్చిన గజ్జెకు దారం కట్టి చేతికి వేసుకుంది. చేయి వణికినప్పుడల్లా అది మోగుతుంది. రైలు వచ్చినప్పుడు నేను “గూడూరు, గూడూరు” అని నా పాడుగొంతుతో అరుస్తుంటే, లోపల ఆ పిల్ల పెదవులు కదిలించేది. ఆటోవాళ్లు చూసీ చూడనట్టు ఉండేవాళ్లు. మైకు అని ఎవరూ అనలేదు.

కొత్తగా మళ్లీ పేర్లు తీసుకుంటున్నారని సంక్రాంతి పోయాక డాక్టరమ్మ చెప్పింది. ఆ చిన్న దేశం బదులు ఇంకో దేశం కలుస్తోందట. షరతు మాత్రం అదే, జట్టుకు ఆరుగురు. ఈసారి హీరా ఎక్కడికీ తిరగలేదు. ఎక్కడ తిరగాలి? మార్కెట్లో మనుషుల చేతులు చూస్తూ కూర్చునేవాడు. తక్కెడ పట్టిన చేతులు, బస్తా ఎత్తే చేతులు. అన్నీ గట్టివే. మనుషులు ఇంత ఆరోగ్యంగా ఉంటారని నాకు అంతకుముందు తెలియదు.

ఒక మధ్యాహ్నం మిర్చి అమ్ముకొని హీరా, కమ్లి ఆటో దగ్గరికి వచ్చారు. ప్రియ వెనక సీట్లో ఉంది. డోర్నకల్ వైపు నుంచి రైలు వచ్చే వేళ. హీరా ఫోను మోగింది. వాడి ఫోను పాతది, స్పీకరు పెడితేనే వినబడుతుంది. అందువల్ల మేం ముగ్గురం విన్నాం.

శివాజీ. ముందు మిర్చి ధర ఎంత ఉంది అని అడిగాడు. హీరా చెప్పాడు. టిప్పర్ల చప్పుడు వినబడింది.

“రజితను హైదరాబాద్ తోలుకపోయినం బావా. మీ సోమన్న చెప్పిండు గదా. దానికి గూడ ఉన్నదంట. ఇంక బయటికి తేలలేదంట గని, ఉన్నదంట. గీ మాత్రలే ఏసి సూసిన్రు. ఒళ్లంత దద్దుర్లు లేసినయ్. ఇగ గా బయటి మందే అన్నరు.”

హీరా ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు.

“దీనికైతె పని చేస్తదంట. జల్ది వస్తె,” అన్నాడు శివాజీ. “పేరు నేనే పోయి రాయించిన. నువ్వు ఫికర్ చేయకు. ఆరో పోగు దొరికింది బావా.”

ఫోను ఆగిపోయింది. కమ్లి ఆటో రేకు పట్టుకొని మెల్లగా కిందికి జారి, నేల మీద కూర్చుంది. హీరా ఫోనును చొక్కా జేబులో పెట్టుకోబోయి, జేబు ఎక్కడుందో తెలియనట్టు తడుముకుంటున్నాడు. వాడి ముఖంలోకి ఏదో రావాలి, ఏడుపో, ఇంకోటో. ఏదీ రాలేదు. నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు. రజిత నిండు చెంబు తెచ్చి, చుక్క ఒలకకుండా నా ముందు పట్టుకున్న చేయే కళ్ల ముందు నిలబడింది.

వెనక సీట్లో గజ్జె మోగింది. ప్రియ ముందుకు వంగింది. మేం ఒకరి తర్వాత ఒకరం ముఖం తిప్పుకోవడం చూసింది. టిప్పర్ల చప్పుడులో తనకు ఆరో పోగు దొరికిందన్న మాటే వినబడినట్టుంది. పెదవులు బిగించి, కష్టపడి, ఎన్నో నెలల తర్వాత అందరికీ అర్థమయ్యేలా ఒక మాట అంది.

“ఎవలు?”

తను మళ్లీ అడిగింది. “ఎవలు పెద్దబాపూ?”

అప్పుడే రైలు వచ్చి ఆగింది. జనం దిగుతున్నారు. నేను స్టేషన్ వైపు తిరిగి, గొంతు చించుకొని, గూడూరు, గూడూరు, గూడూరు అని అరిచాను. ఆటో నిండిపోయాక కూడా అరుస్తూనే ఉన్నాను.